మేడ మీద బొమ్మల గది: రేకులు ఎక్కించే ముందు చూసుకోవాల్సినవి

ప్రశ్న: మాది విజయవాడ. 2006లో కట్టిన సొంతిల్లు, కింద ఒక వాటా, పైన ఒక వాటా. నేను స్కూల్లో డ్రాయింగ్ టీచరును. మా డాబా తూర్పు పడమరలుగా 30 అడుగులు, ఉత్తర దక్షిణాలుగా 36 అడుగులు. పిల్లర్లు పన్నెండు. వాటి మధ్య ఎడం ఒకవైపు 15, ఇంకోవైపు 12 అడుగులు. పైఅంతస్తు ఎప్పుడైనా వేద్దామని పిల్లర్లకు ఊచలు వదిలి ఉంచారు. నైరుతిలో మెట్లగది, దాని నెత్తిన వాటర్ ట్యాంకు. వాననీళ్లు ఈశాన్యం మూలకు పోతాయి. నేను బొమ్మలు వేసుకోవడానికి, శని ఆదివారాల్లో పదిహేనుమంది పిల్లలకు నేర్పడానికి డాబా మీద గది వేసుకోవాలని ఉంది. కాస్త పెద్ద పిల్లలకు కలంకారీ కూడా నేర్పాలని ఆశ. తొమ్మిదంగుళాల గోడలు లేపి డాబా మొత్తం రేకులు వేసేద్దాం, పదిరోజుల పని అంటున్నాడు మేస్త్రీ. మావారికి ఎండ భయం. ఉత్తరం ఎత్తు పెరగకూడదని అత్తగారి పట్టు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

సమాధానం:

తొమ్మిదంగుళాల గోడలు వద్దు. డాబా మొత్తం కప్పడమూ వద్దు. మీ డాబా 1080 చదరపు అడుగులు. అందులో ఉత్తరపు అంచు వెంబడి 30 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉన్న పట్టీని మాత్రం గది చేసుకోండి. అంటే 360 చదరపు అడుగులు. మిగతా 720 ఆకాశానికే వదిలేయండి. ఈ కొలత మేం ఊరికే చెప్పడం లేదు. మీ పిల్లర్ల ఎడం 15, 12 అడుగులు కాబట్టి ఆ పట్టీకి నాలుగు మూలలా, పొడవు గోడల మధ్యనా సరిగ్గా ఆరు పిల్లర్లు వస్తాయి. గోడల బరువు దూలాల మీద పడుతుంది, దూలాల బరువు పిల్లర్ల మీదకు దిగుతుంది. శ్లాబు నడిమధ్యలో గోడ లేపే పరిస్థితి రాదు. పైగా పన్నెండడుగుల లోతే ఉన్న గదికి ఉత్తరపు కిటికీల వెలుగు చివరి గోడదాకా అందుతుంది.

ముందు బరువు సంగతి. మనుషులు ఎక్కి తిరిగే డాబాకు, కట్టడాల మీద పడే బరువులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం చదరపు మీటరుకు 150 కిలోల బరువు లెక్కగడతారు. అదే ప్రమాణం తరగతి గదికి 300 కిలోలు తీసుకోమంటుంది. అంటే డాబాగా కట్టిన శ్లాబును క్లాసుగా వాడాలంటే లెక్క రెట్టింపు అవుతుంది. పైఅంతస్తు వేసే ఉద్దేశంతోనే ఊచలు వదిలారు కాబట్టి మీ పునాదుల్లో ఆ సత్తువ ఉండే అవకాశం ఉంది. కానీ ఊచలు వదిలినంత మాత్రాన పునాది అంతకు కట్టినట్టు కాదు. అది స్ట్రక్చరల్ ఇంజినీరు చూసి, లెక్కవేసి చెప్పాల్సిన మాట. నల్లరేగడి నేలమీద ఇల్లైతే ఈ పరీక్ష అసలు దాటవేయకూడదు.

ఇక గోడల తేడా చూడండి. పదడుగుల ఎత్తున తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఒక్క అడుగు పొడవుకు 400 కిలోల పైమాటే. మీ గది చుట్టుకొలత 84 అడుగులు. కిటికీలు, తలుపులు తీసేసినా పాతిక టన్నుల దాకా తేలుతుంది. అదే ఎత్తున నాలుగంగుళాల ఏఏసీ బ్లాకు (లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు ఇటుక) గోడ, రెండువైపులా పూతతో కలిపి అడుగుకు సుమారు నూరు కిలోలు. అందుకే మా ఓటు ఇనుప చట్రానికి, మధ్యలో ఏఏసీ బ్లాకులకు. నాలుగంగుళాల గోడ పదిహేనడుగుల పొడవున ఆనుడు లేకుండా నిలవదు, గాలికి ఊగి పగులు తీస్తుంది. ప్రతి ఏడున్నర అడుగులకు ఒక ఇనుప నిలువు బద్ద పెట్టించండి. పడమటి గోడ ఒక్కటి ఆరంగుళాల బ్లాకుతో కట్టించండి, సాయంత్రపు ఎండ తినేది అదే.

ఉత్తరపు పిట్టగోడ ఉంది కదా, దాని మీదే కిటికీలు నిలబెడదాం అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పిట్టగోడ సాధారణంగా నాలుగున్నర అంగుళాల ఇటుక, శ్లాబు మీద ఊరికే కూర్చుని ఉంటుంది. కిటికీ చట్రాలు ఇనుప స్తంభాలకే బిగించాలి.

ఇప్పుడు గాలి. రేకుల కప్పు ఎప్పుడు కూలుతుందో అని భయపడతారు గానీ, మీ ఊళ్లో అసలు ప్రమాదం అది లేచిపోవడం. ఐఎస్ 875 మూడో భాగంలో విజయవాడకు, విశాఖపట్నానికి ఇచ్చిన మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాదుకు 44 మీటర్లే. యాభై మీటర్ల గాలి చదరపు మీటరుకు 150 కిలోల మేర ఒత్తిడి పెడుతుంది. మీ కప్పు 33 చదరపు మీటర్లకు పైనే. అంటే గాలి ఐదు టన్నుల బలంతో పైకి లాగగలదు. కప్పూ చట్రమూ కలిపి తూకం వేస్తే ఒకటి రెండు టన్నులకు మించదు. మిగతా బలం పట్టి ఉంచాల్సింది బోల్టులే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖలో తీరం దాటిన రోజు డాబాల మీది రేకులు ఎగిరింది ఈ కారణం వల్లే. రేకు గట్టిదే, చట్రమూ గట్టిదే, రెంటినీ పట్టి ఉంచిన మేకులో, వెల్డింగో చాలలేదు.

మీకున్న ఊచలు ఇక్కడ అక్కరకొస్తాయి. ఇన్నేళ్లు వానలో నానాయి కనుక తుప్పు పెచ్చులు కట్టి ఉంటాయి. వైరు బ్రష్షుతో మెరిసేదాకా గీకించి, తుప్పు నిరోధక పూత వేయించండి. తర్వాత వాటిని లోపల పెట్టి, పిల్లరు కొలతలోనే అడుగెత్తున ఎం20 కాంక్రీటు దిమ్మె పోయించాలి. పోసేటప్పుడే దానిలో నాలుగు 16 మి.మీ. బోల్టులు నిలబెట్టాలి. దిమ్మె పద్నాలుగు రోజులు తడిసి గట్టిపడ్డాక 10 మి.మీ. మందం అడుగు పలకతో ఇనుప స్తంభాన్ని ఆ బోల్టులకు బిగిస్తారు. బోల్టుల లోతు, పలక కొలత ఇంజినీరు గీసిచ్చిన కాగితంలో ఉండాలి. ఊచలకే నేరుగా స్తంభాన్ని వెల్డింగు చేసేస్తామంటే ఆపండి. తుప్పు మీద వెల్డింగు పట్టదు, పట్టినట్టు కనబడుతుంది. ఊచలు కోసేసి చదును చేద్దామన్నా వద్దు. ముందు ముందు పైఅంతస్తు వేసుకునే దారి మూసుకుపోతుంది.

కప్పుకు మామూలు ఒంటి రేకు అసలు పనికిరాదు. మే నెల మధ్యాహ్నం దాని కింద కూర్చోలేరు, వాన పడితే మీ మాట మొదటి వరుస పిల్లలకు కూడా వినబడదు. సిమెంటు రేకుల్లో సాధారణంగా ఆస్బెస్టాస్ ఉంటుంది, పిల్లలు కూర్చునే చోటికి దాన్ని తేవద్దు. 50 మి.మీ. పఫ్ ప్యానెల్ తీసుకోండి. రెండు రేకుల మధ్య నురగ నింపిన పలక ఇది, చదరపు మీటరుకు పది, పన్నెండు కిలోలే. వేడినీ వాన చప్పుడునూ బాగా తగ్గిస్తుంది. ఉత్తరం వైపు పదకొండడుగులు, దక్షిణం వైపు తొమ్మిదడుగులు ఎత్తుతో ఒకే వాటంగా వేయించండి. ఉత్తరాన రెండడుగులు, దక్షిణాన ఒకటిన్నర అడుగు చూరు బయటికి రావాలి. ఆ లెక్కన ఒక్కో పలక పదహారడుగులు ఉండాలి. పదహారడుగుల ఒకే పలక అడగండి, మధ్యలో అతుకు ఉంటే కారేది అక్కడే. పలక వెడల్పు మీటరు కనుక పది పలకలు పడతాయి. కింద అడ్డబద్దెలు నాలుగడుగులకొకటి. అంచుల దగ్గర, మూలల దగ్గర గాలి లాగుడు ఎక్కువ కాబట్టి అక్కడ స్క్రూలు మిగతాచోటికన్నా రెట్టింపు దగ్గరగా బిగించాలి. స్క్రూ కింద రబ్బరు వాషరు నలిగిపోయేంత బిగిస్తే రెండేళ్లలో పగిలి కారుతుంది. వదులుగా ఉంటే మొదటి వానకే కారుతుంది. వాషరు కొద్దిగా ఉబ్బిన దగ్గర ఆపడం తెలిసినవాడి చేత చేయించండి.

మేడ మీద గది కడుతున్నదే వెలుగు కోసం కనుక దీని గురించి కాస్త వివరంగా చెబుతాం. ఉత్తరపు వెలుగు రోజంతా నిలకడగా ఉంటుంది, నీడలు కదలవు అని బొమ్మల పుస్తకాల్లో చదివే ఉంటారు. అది యూరప్‌కు చాలావరకు నిజం. విజయవాడ 16.5 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఇంకోసారి మిట్టమధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా మీ నెత్తిమీదికి వస్తాడు. ఆ మధ్య మూడు నెలలూ ఉత్తరం వైపే ఉంటాడు. జూన్‌లో సూర్యోదయం నికరమైన తూర్పుకు 24 డిగ్రీలు ఉత్తరాన జరుగుతుంది. అంటే వేసవి సెలవుల్లో, పిల్లలు ఎక్కువ వచ్చే రోజుల్లోనే, పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా ఎండ మీ ఉత్తరపు కిటికీల్లోంచి ఏటవాలుగా లోపలికి వచ్చి కాగితాల మీద చారలు గీస్తుంది. దీనికి పై చూరు ఒక్కటే చాలదు. తొమ్మిది గంటలయ్యాక రెండడుగుల చూరు కిటికీ మొత్తాన్ని నీడలో పెడుతుంది, అంతకుముందు సూర్యుడు మరీ కిందుగా ఉంటాడు. అందుకని కిటికీల పక్కన నిలువు రెక్కలు కావాలి. ఒకటిన్నర అడుగు బయటికి వచ్చిన రెక్క మూడున్నర అడుగుల వెడల్పు కిటికీని దాదాపు కాపాడేస్తుంది. ఇనుప చట్రానికి సిమెంటు బోర్డు బిగించి, మెరుపు లేని తెలుపు వేయిస్తే సరిపోతుంది. మూడున్నర అడుగులకొకటి చొప్పున ఎనిమిది రెక్కలు పడతాయి.

కిటికీల కింది అంచు నేలనుంచి నాలుగడుగులు, పై అంచు తొమ్మిది అడుగులు. మొత్తం 24 అడుగుల పొడవు వస్తే 120 చదరపు అడుగుల గాజు, గది నేలలో మూడో వంతు. కింది అంచును మూడడుగులకు దింపాలని అనిపిస్తుంది, దింపకండి. కిందనుంచి వచ్చే వెలుగు ఎదుటి బొమ్మ వస్తువు మీద నీడల్ని చెరిపేస్తుంది. పక్కింటి గోడ రంగు కూడా ఆ కింది భాగంలోంచే లోపలికి పాకుతుంది. ఉత్తరాన పక్కవాళ్లది ఆకుపచ్చ గోడైతే మీ తెల్ల కాగితం పచ్చగా కనిపించి, పిల్లలు తెలియకుండానే ఎరుపు ఎక్కువ కలుపుతారు. గాజు మామూలు పారదర్శకమైనదే ఉండాలి. నీలి, ఆకుపచ్చ ఛాయ ఉన్న గాజు, కప్పులో రంగు పాలీకార్బొనేట్ రేకు రెండూ బొమ్మల గదికి శత్రువులు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన మీ కిటికీల మీదికే కొడుతుంది. రెండడుగుల చూరు దాన్ని ఆపలేదు. యూపీవీసీ కిటికీల కింది పట్టాలో నీళ్లు బయటికి పోయే రంధ్రాలు ఉన్నాయో లేదో బిగించక ముందే చూడండి. కిటికీ గట్టు బయటి వైపుకు వాలి ఉండాలి. తొమ్మిదడుగుల పైన, కప్పు కింద మిగిలే చోట వానజల్లు రాని ఏటవాలు రెక్కల వెంటిలేటర్లు పెట్టించండి. కప్పు ఉత్తరాన ఎత్తుగా ఉంటుంది కనుక వేడిగాలి అక్కడికే చేరి బయటికి పోతుంది. దాని చోటికి గాలి దక్షిణపు గోడలోని తలుపుల కింది జాలీల్లోంచి వస్తుంది. దక్షిణాన పెద్ద కిటికీలు వద్దు.

మీవారికి ఎండ భయం అన్నారు, ఆయన భయం న్యాయమైనదే. పఫ్ ప్యానెల్, నీడ పడ్డ కిటికీలు, పడమటి మందపు గోడ చాలావరకు కాస్తాయి. మిగిలిన డాబాకు తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేయిస్తే దాని కిందున్న పైవాటాకూ చల్లదనం. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది, ఆ పద్ధతి అంత అనుభవంలో ఉన్నది. అయితే తెల్లటి డాబా మీద పడ్డ ఎండ దక్షిణపు తలుపుల్లోంచి కళ్లలో కొడుతుంది. అందుకే తలుపులు గాజువి కాకుండా మూతవి పెట్టుకోండి, గది ముందు మూడడుగుల మేర లేత బూడిదరంగు ఉంచుకోండి. ఏసీ కావాలంటే పెట్టుకోవచ్చు గానీ ఇవన్నీ అయ్యాక, ఒక వేసవి చూశాక. ఏప్రిల్, మే నెలల్లో క్లాసు పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర లోపు ముగించడం ఏసీ కన్నా మేలు. ఆ వేడిలో ఆక్రిలిక్ రంగు పళ్లెంలోనే నిమిషాల్లో గట్టిపడుతుంది, పిల్లలు కలపడం నేర్చుకునేలోపే. తడి గుడ్డ పరిచి, దానిపై బటర్ పేపరు వేసి రంగు పిండుకుంటే గంట నిలుస్తుంది.

నీళ్ల సంగతిలో మీకొక ఇబ్బంది ఉంది. డాబా వాటం ఈశాన్యానికి ఉందన్నారు, మన గది సరిగ్గా ఆ దారికి అడ్డం కూర్చుంటుంది. దీన్ని పట్టించుకోకుండా గోడ లేపితే మొదటి గట్టి వానకు దక్షిణపు గోడ మొదట్లో చెరువు కడుతుంది, నెలలోపు పైవాటా సీలింగులో చెమ్మ దిగుతుంది. మిగిలిన డాబాకు కొత్త వాటం చేయించండి, నీళ్లు తూర్పు అంచుకు పోయేలా. ప్రతి పదడుగులకు కనీసం అంగుళంపావు దిగాలి. పాత పూత మీదే మళ్లీ మందంగా పోయిస్తే బరువు పెరుగుతుంది. రెండంగుళాల సిమెంటు మాలు చదరపు మీటరుకు నూరు కిలోలు. పాతది చెక్కించి పోయించాలి. తూర్పున నాలుగంగుళాల గొట్టాలు రెండు పెట్టండి, ఒకటి ఆకులతో మూసుకుపోతే ఇంకొకటి ఉంటుంది. గది గోడలు శ్లాబును కలిసే మూలలన్నింటా పావు గుండ్రంగా సిమెంటు అద్ది, దాని మీద అడుగెత్తు దాకా వాటర్‌ప్రూఫ్ పూత వేయించాలి. గుమ్మం ఎత్తు బయటి డాబాకన్నా నాలుగంగుళాలు పైన ఉండాలి. కప్పు నీళ్లు దక్షిణపు చూరుకు కాలువ కట్టి, రెండు చివరలా గొట్టాలతో దింపి ఇంకుడు గుంతకు పంపుకోవచ్చు.

రంగులు కడిగిన నీళ్లను మాత్రం ఆ గొట్టంలో కలపకండి. కొన్ని రంగుల్లో కాడ్మియం లాంటి లోహాలుంటాయి, ఇంకుడు గుంతంటే నేరుగా మీ బోరు నీళ్లే. సింకు నీళ్లు మురుగు గొట్టానికి పోవాలి. సింకు కింద ఒక బకెట్టు పెట్టి, నీళ్లు దాంట్లో పడి, మడ్డి అడుగున తేరుకుని, పైనీళ్లు మాత్రమే గొట్టంలోకి పొర్లేలా చేయించండి. ఆక్రిలిక్ మడ్డి గొట్టంలో ఎండితే ప్లాస్టిక్‌లా అతుక్కుంటుంది, ఊడదు. కుంచెలు మొదటి కడుగు డబ్బాలో, రెండో కడుగు సింకులో అని పిల్లలకు మొదటి రోజే అలవాటు చేయండి. మీ ట్యాంకు మెట్లగది నెత్తిన ఉండటం అదృష్టం, సింకు పంపుకు కొన్ని అడుగుల పోటు దొరుకుతుంది. అయినా అరంగుళం గొట్టంతో సన్నగా వస్తుంది, ట్యాంకు నుంచి అంగుళం గొట్టం లాగించండి.

మీ అత్తగారి మాట. ఉత్తర ఈశాన్యాలు పల్లంగా, నైరుతి ఎత్తుగా ఉండాలన్నది ఆమె లెక్క. మీ మెట్లగది, దాని మీద ట్యాంకు కలిపితే గది ఉత్తరపు పదకొండడుగులను దాటుతుంది కనుక నైరుతే ఎత్తు. కొలిచి చూపించండి. బరువు కూడా ట్యాంకు నిండా నీళ్లుంటే వెయ్యి లీటర్లకు టన్ను. వాననీళ్లు తూర్పుకే పోతున్నాయి. ఈ మూడూ ముందే కూర్చుని మాట్లాడుకోండి. పని సగంలో ఆగి, అప్పటికే పోసిన దిమ్మెలు పగలగొట్టడం కన్నా అది నయం.

లోపలి అమరిక. ముప్పై అడుగుల్లో తూర్పున పదడుగులు మీకు, ఇరవై అడుగులు క్లాసుకు. మధ్యలో గోడ వద్దు, ఆరడుగుల ఎత్తు బీరువాల వరుస చాలు. నేలమీద బల్లపీటతో కూర్చునే పిల్లవాడికి 18 చదరపు అడుగులు, ఈజిల్ ముందు నిలబడితే పాతిక నుంచి ముప్పై. 240 చదరపు అడుగుల్లో పన్నెండుమంది హాయిగా కూర్చుంటారు. పదిహేనుమంది అంటే ఒకరి మోచెయ్యి ఇంకొకరి నీళ్లగిన్నెకు తగులుతుంది. శనివారం కొందరు, ఆదివారం కొందరుగా విడదీయండి. దక్షిణపు గోడకు 8 x 4 అడుగుల సాఫ్ట్‌బోర్డులు మూడు అడ్డంగా బిగిస్తే బొమ్మలు గుచ్చడానికి 24 అడుగులు దొరుకుతాయి. మిగతా ఆరడుగుల్లో రెండు తలుపులు, ఒకటి క్లాసుకు, ఒకటి మీ వైపుకు. రెండూ బయటికి తెరుచుకోవాలి. గోడలకు మెరుపు లేని లేత బూడిద తెలుపు. నేలకు గరుకు టైలు, సిమెంటు మాలుతో కాకుండా టైల్ గమ్‌తో అంటించినది. నున్నటి విట్రిఫైడ్ టైల్ మీద నీళ్లు పడితే పిల్లలు జారతారు, కిటికీ వెలుగు దాంట్లో మెరుస్తుంది.

దీపాలకు లెక్క ఇది. కాగితం మీద 500 లక్స్ వెలుగు కావాలి. మీ గది 33 చదరపు మీటర్లు, వృథా పోయేది కలుపుకుంటే దాదాపు 28 వేల ల్యూమెన్లు. 20 వాట్ల ఎల్ఈడీ బ్యాటెన్ సుమారు రెండు వేలు ఇస్తుంది, అంటే పద్నాలుగు. డబ్బా మీద సీఆర్ఐ (రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 లేదా పైన, 4000 నుంచి 5000 కెల్విన్ అని రాసి ఉన్నవే కొనండి. మామూలు ట్యూబులు 80 దగ్గర ఉంటాయి, వాటి కింద ఎరుపులు చచ్చిపోతాయి. దుకాణానికి ఒక పొట్లంలో కుంకుమ తీసుకెళ్లి ఆ దీపం కింద, వీధి వెలుగులో చూడండి, తేడా కంటికే తెలుస్తుంది. బ్యాటెన్లు ఫ్యాను రెక్కల పైన ఎప్పుడూ పెట్టకండి. రెక్కల నీడ కాగితం మీద గిరగిరా కొట్టి పావుగంటలో తలనొప్పి తెస్తుంది. ఫ్యాన్లు గది నడిమి వరుసలో మూడు, దీపాలు రెక్కలకు రెండడుగుల దూరంగా రెండు వైపులా. మీటరు బోర్డు నుంచి డాబాకు విడిగా 4 చదరపు మి.మీ. వైరు లాగించి, తన ఎంసీబీ, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. తడి చేతుల పిల్లలున్న గది ఇది, దీనికి బేరం లేదు.

మీరు ఆయిల్ కలర్స్ వేస్తే ఒక హెచ్చరిక. అవిసె నూనె తుడిచిన గుడ్డలు ముద్దగా పడేస్తే ఆరుతూ తమంతట తామే వేడెక్కి అంటుకుంటాయి. మేడ మీది వేడిలో అది ఇంకా తొందరగా జరుగుతుంది. వాటిని విడదీసి బయట ఆరేయండి, లేదా నీళ్లున్న ఇనుప డబ్బాలో మూత పెట్టి ఉంచండి. టర్పెంటైన్ మీ వైపు బీరువాలో తాళంలో ఉండాలి. పిల్లలకు నీటి రంగులు, పోస్టర్ రంగులు, ఆక్రిలిక్ చాలు. తలుపు పక్కన 4 కిలోల ఏబీసీ అగ్నిమాపకం తగిలించండి. వానాకాలంలో కాగితాలకు బూజు పడుతుంది, బీరువాలు గోడకు మూడంగుళాలు ఎడంగా నిలబెడితే చాలావరకు తప్పుతుంది.

కలంకారీ కోసమే మిగతా డాబా వదలమన్నాం. పెడన మీకు దగ్గరే, అక్కడ అచ్చులతో వేస్తారు, శ్రీకాళహస్తిలో కలంతో. మీరు ఏది నేర్పినా గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఎండలో ఆరేయాలి. పాలలోని కొవ్వు రంగు పాకకుండా పట్టి ఉంచుతుంది. ఇనుము, బెల్లం నానబెట్టిన కసీం ఆ కరక్కాయ గుడ్డకు తగిలితేనే నలుపు పుడుతుంది. ఆ కసీం మీ తెల్లటి డాబా మీద చుక్క పడినా మరక పడుతుంది, మళ్లీ పోదు. అందుకని దక్షిణపు మూలలో 6 x 10 అడుగుల చోటు తెలుపు వేయకుండా సిమెంటుగానే వదిలి, పక్కనే ఒక పంపు, మురుగు గొట్టానికి దారి పెట్టుకోండి. ఉడకబెట్టే పొయ్యి ఆరుబయటే, గదిలోకి తేవద్దు. ఆరేసే తీగలు మెట్లగది గోడకూ పడమటి అంచున పాతిన స్తంభానికీ కట్టండి, మన ఇనుప చట్రానికి కాదు. తడిగుడ్డకు గాలి తగిలితే తెరచాపలా లాగుతుంది.

పిట్టగోడ మూడడుగులే అయితే పిల్లలున్న డాబాకు చాలదు. నాలుగడుగులకు పెంచండి, ఇటుకతో కాదు, నిలువు ఊచల గ్రిల్లుతో. ఊచల మధ్య ఎడం నాలుగంగుళాలకు మించకూడదు. అడ్డ ఊచలైతే పిల్లలకవి నిచ్చెన మెట్లు. పిట్టగోడ దగ్గర స్టూళ్లు, కుండీలు ఏవీ ఉంచకండి.

రేకుల షెడ్డు తాత్కాలికం కదా, అనుమతి ఎందుకన్న మాట నమ్మొద్దు. కప్పు వేసిన గది గదే. మీ వార్డులో ప్లానింగ్ చూసే మునిసిపల్ ఉద్యోగిని కలిసి ఏ కాగితాలు కావాలో ముందే కనుక్కోండి. క్లాసులు నడిపే చోటికి కరెంటు కనెక్షన్ ఏ కేటగిరీలోకి వస్తుందో కరెంటాఫీసులో అడగండి.

పదిరోజుల్లో ఇది కాదు. దిమ్మెల క్యూరింగే రెండు వారాలు. తుపాన్ల కాలం దాటాక డిసెంబరు చివర మొదలుపెడితే మార్చికి గది చేతికొస్తుంది. వరుస ఇలా పెట్టుకోండి: శ్లాబు అడుగున పెచ్చులు, తుప్పు ఉంటే ఆ మరమ్మతు, తర్వాత దిమ్మెలు, డాబా వాటం, వాటర్‌ప్రూఫింగు. అది అయ్యాక తూములు మూసి డాబా మీద రెండంగుళాల నీళ్లు 48 గంటలు నిలబెట్టి కింద సీలింగు చూడండి. ఎక్కడ చెమ్మ తేలితే అక్కడ సరిచేయించి మళ్లీ నీళ్లు నిలబెట్టండి. ఇది పొడిగా తేలేదాకా చట్రం ఎక్కించనివ్వకండి. గోడలు లేచాక ఆ చోటు మళ్లీ మీ చేతికి రాదు.

ఇంజినీరు వచ్చే రోజుకు 2006 నాటి ప్లాను, పునాది డ్రాయింగు దొరికితే అది, పిల్లర్ల కొలతలు, పైవాటా సీలింగు ఫొటోలు సిద్ధంగా ఉంచండి. ఆయన దగ్గర సంతకంతో మూడు తీసుకోండి: శ్లాబు, పునాది తరగతి గది బరువు మోస్తాయా లేదా అన్నది, గాలి లాగుడుకు బోల్టుల లెక్క, చట్రం డ్రాయింగు. ఆ మూడో కాగితం నకలు వెల్డింగు షాపువాడి చేతిలో పెట్టాకే అడ్వాన్సు ఇవ్వండి.